వాణిజ్య ఒప్పందాలు, దేశ సార్వభౌమత్వం: ఓటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలు దగ్గరపడేసరికి వాణిజ్య ఒప్పందాల గురించి రెండే మాటలు వినిపిస్తాయి. "దేశాన్ని తాకట్టు పెట్టేశారు" అని ఒకరంటే, "ఉద్యోగాలు వెల్లువలా వస్తాయి" అని ఇంకొకరు. వందల పేజీల అసలు ఒప్పందాన్ని మాత్రం ఎవరూ తెరిచి చూపించరు. ఏ దేశంలో ఎన్నికలు జరిగినా జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం.

ఒప్పందం మీద సంతకం పెడితే సార్వభౌమత్వం పోయినట్టేనా?

పోదు. అలాగని ఏమీ మారలేదనుకోవడం కూడా తప్పే. ఈ చిక్కు వందేళ్ల కిందటే అంతర్జాతీయ న్యాయస్థానం ముందుకు వచ్చింది. 1921లో పోలండ్‌కు ఆయుధాలు తీసుకెళ్తున్న వింబుల్డన్ అనే ఓడను జర్మనీ తన కీల్ కాలువలోకి రానివ్వలేదు. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత కుదిరిన వెర్సాయ్ ఒప్పందం ప్రకారం ఆ కాలువ జర్మనీతో శాంతిగా ఉన్న అన్ని దేశాల ఓడలకూ తెరిచి ఉండాలి. మా కాలువ మా ఇష్టం, ఇది మా సార్వభౌమత్వం అన్నది జర్మనీ వాదన. 1923లో ఇచ్చిన తీర్పులో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. మాట ఇచ్చినప్పుడు ఆ మేరకు చేతులు కట్టుబడే మాట నిజమేననీ, అయితే అలా మాట ఇవ్వగలగడం కూడా సార్వభౌమత్వంలో భాగమేననీ చెప్పింది. యుద్ధంలో ఓడిన దేశం చేత పెట్టించిన సంతకం గురించి ఈ మాట అనడం కొంచెం విడ్డూరంగానే ఉంటుంది. అయినా సూత్రం మాత్రం నిలబడింది.

కాబట్టి "పోయిందా, ఉందా" అని అడిగితే పెద్దగా ఏమీ తేలదు. మాట ఇచ్చింది ఎవరు, ఏ విషయం మీద ఇచ్చారు, తప్పితే తీర్పు చెప్పేది ఎవరు, వెనక్కి తీసుకోవాలంటే దారి ఏమిటి అని అడిగితే విషయం బయటికి వస్తుంది. కింద వచ్చే ప్రశ్నలన్నీ ఈ నాలుగింటి చుట్టూ తిరిగేవే.

సుంకాలు తగ్గించుకోవడానికి ఇంత గొడవ ఎందుకు?

సుంకాలతోనే ఆగిపోయి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. 1947లో 23 దేశాలు కుదుర్చుకున్న గాట్ ఒప్పందం ముఖ్యంగా సరిహద్దు దగ్గర వసూలు చేసే సుంకాల గురించి. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ, అంటే డబ్ల్యూటీవో వచ్చేసరికి సంగతి సరిహద్దు దాటి ఇంట్లోకి వచ్చింది. పేటెంటు కనీసం 20 ఏళ్లు ఉండాలన్నారు. ఆహార భద్రత నిబంధనలకు శాస్త్రీయ ఆధారం చూపించాలన్నారు. బ్యాంకులు, బీమా, టెలికం లాంటి సేవలూ లెక్కలోకి వచ్చాయి.

ఆ తరవాత వచ్చిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు ఇంకా లోపలికి వెళ్లాయి. ప్రభుత్వ టెండర్లలో విదేశీ కంపెనీలకు చోటు, డేటాను ఏ దేశంలో దాచాలి, ప్రభుత్వ రంగ సంస్థలు ఎలా నడవాలి... ఇవన్నీ మామూలుగా ఒక దేశ చట్టసభ కూర్చుని తేల్చుకునే విషయాలు. సుంకం రెండు శాతం తగ్గితే ఓటరుకు తెలియకపోవచ్చు. తాను ఓటేసి గెలిపించిన ప్రభుత్వం ఒక చట్టం చేయబోయి "ఒప్పందం ఒప్పుకోదు" అని ఆగిపోతే మాత్రం తప్పకుండా తెలుస్తుంది.

డబ్ల్యూటీవో ఒక దేశం చట్టాన్ని కొట్టేయగలదా?

కొట్టేయలేదు. దానికి పోలీసులు లేరు, ఏ దేశపు చట్టం పుస్తకంలోంచీ ఒక్క వాక్యం కూడా చెరిపేసే అధికారం లేదు. మీ చట్టం ఒప్పందానికి విరుద్ధం, సరిచేసుకోండి అని చెబుతుంది. సరిచేసుకోకపోతే, నష్టపోయిన దేశం ఎదురు సుంకాలు వేసుకోవచ్చని అనుమతి ఇస్తుంది. అంటే చట్టం ఉంచుకోవచ్చు, దానికి ధర కట్టాలి.

ఆ ధర కట్టడానికి సిద్ధపడ్డవాళ్లూ ఉన్నారు, కట్టలేక వెనక్కి తగ్గినవాళ్లూ ఉన్నారు. హార్మోన్లు ఇచ్చి పెంచిన పశువుల మాంసాన్ని యూరోపియన్ యూనియన్ రానివ్వలేదు. డబ్ల్యూటీవోలో ఓడిపోయినా నిషేధం ఎత్తేయలేదు. 1999 నుంచి అమెరికా ఏటా 11 కోట్ల 68 లక్షల డాలర్ల సరుకు మీద ఎదురు సుంకాలు వేసింది. యూరప్ వాటిని భరించింది. ఇక అమెరికా సంగతి చూడండి. పశువు ఏ దేశంలో పుట్టి, పెరిగి, కోతకు వెళ్లిందో ప్యాకెట్ మీద రాయాలని చట్టం చేసుకుంది. కెనడా, మెక్సికో కేసు వేసి గెలిచాయి. 2015 డిసెంబరులో ఆ రెండు దేశాలకూ కలిపి ఏటా సుమారు 100 కోట్ల డాలర్ల ఎదురు సుంకాలకు అనుమతి వచ్చింది. అదే నెలలో అమెరికన్ కాంగ్రెస్ గొడ్డు మాంసానికీ, పంది మాంసానికీ ఆ నిబంధన రద్దు చేసింది. అంత పెద్ద దేశమే లేబుల్ విషయంలో చేతులెత్తేసింది.

నాకు వీటన్నిటిలో వింతగా అనిపించేది పత్తి కేసు. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ గెలిచింది. అమెరికా సబ్సిడీలు మానలేదు. వాటిని ఉంచుకుని, బ్రెజిల్ ఎదురు సుంకాలు వేయకుండా ఉండేందుకు ఏటా 14 కోట్ల 73 లక్షల డాలర్లు బ్రెజిల్ పత్తి రంగానికి కడతానని 2010లో ఒప్పుకుంది. తన రైతులకు సబ్సిడీ ఇవ్వడం కోసం పరాయి దేశపు రైతులకు కూడా డబ్బు పంపించిందన్నమాట! 2014లో 30 కోట్ల డాలర్లతో ఆ గొడవ ముగించుకున్నారు.

అందరికీ ఇలా చెల్లదు. ఆన్‌లైన్ జూదం కేసులో చిన్న ద్వీప దేశం ఆంటిగ్వా అమెరికా మీద గెలిచింది. 2007లో ఏటా 2 కోట్ల 10 లక్షల డాలర్ల మేరకు ప్రతిచర్యకు అనుమతి కూడా వచ్చింది. కానీ లక్ష జనాభా ఉన్న దేశం సుంకాలు వేస్తే అమెరికాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. గెలుపు కాగితం మీదే మిగిలిపోయింది.

పైగా 2019 డిసెంబరు నుంచి డబ్ల్యూటీవో అప్పీలు బెంచి పనిచేయడం లేదు. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకుంది. ఇప్పుడు కింది ప్యానెల్లో ఓడిన దేశం, వినేవాళ్లు లేని బెంచికి అప్పీలు చేసి కేసును అలా గాలిలో వదిలేయవచ్చు.

మరి ప్రైవేటు కంపెనీలు ప్రభుత్వం మీద కేసు వేస్తాయంటారు, అది నిజమేనా?

నిజం. సార్వభౌమత్వం గురించి భయపడేవాళ్ల వాదనలో అన్నిటికన్నా బలమున్నది ఇక్కడే. డబ్ల్యూటీవోలో దేశం మీద దేశమే కేసు వేయాలి. పెట్టుబడి ఒప్పందాల్లోనూ, పెట్టుబడి అధ్యాయమున్న చాలా వాణిజ్య ఒప్పందాల్లోనూ విదేశీ పెట్టుబడిదారుడు నేరుగా ప్రభుత్వం మీద పడవచ్చు. విచారించేది ఆ దేశపు కోర్టు కాదు, సాధారణంగా ముగ్గురు సభ్యుల ఆర్బిట్రేషన్ ట్రైబ్యునల్, అంటే మధ్యవర్తుల బృందం. స్థానిక కంపెనీకి ఈ దారి లేదు.

కెనడా పెట్రోల్‌లో కలిపే ఎంఎంటీ అనే పదార్థం దిగుమతిని 1997లో నిషేధించింది. దాన్ని తయారుచేసే ఇథైల్ అనే అమెరికన్ కంపెనీ, అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య ఒప్పందం నాఫ్టా కింద కేసు వేసింది. 1998లో కెనడా నిషేధం ఎత్తేసి, కంపెనీకి కోటీ 30 లక్షల అమెరికన్ డాలర్లు చెల్లించి రాజీ పడింది. (అదే చట్టం మీద కెనడా సొంత రాష్ట్రాలు వేసిన అంతర్గత వాణిజ్య వివాదంలోనూ కేంద్రం ఓడిపోయింది. ప్రచారంలో ఈ సగం ఎవరూ చెప్పరు.)

సిగరెట్ పెట్టెల మీద బ్రాండ్ బొమ్మలు ఉండకూడదని ఆస్ట్రేలియా 2011లో చట్టం చేస్తే, ఫిలిప్ మోరిస్ అనే సిగరెట్ కంపెనీ, ఆస్ట్రేలియాకు హాంకాంగ్‌తో ఉన్న 1993 నాటి ఒప్పందాన్ని పట్టుకుని కేసు వేసింది. 2015లో ఓడిపోయింది. కేసు వేయడం కోసమే కంపెనీ నిర్మాణం మార్చుకున్నారనీ, ఇది ఒప్పందాన్ని దుర్వినియోగం చేయడమేననీ ట్రైబ్యునల్ చెప్పింది. ఉరుగ్వే మీద వేసిన కేసులోనూ 2016లో అదే కంపెనీకి ఓటమే. చివరికి ప్రభుత్వాలే గెలిచాయి కదా అనవచ్చు. కానీ ఆస్ట్రేలియా కేసు తేలేదాకా ఆగుదామని న్యూజిలాండ్ తన చట్టాన్ని పక్కన పెట్టింది. కేసు ఓడిన కంపెనీకి అన్నేళ్లు కలిసొచ్చాయి. ఈ వెనుకంజ ఏ తీర్పులోనూ నమోదు కాదు.

భారత్ అనుభవం ఇంకో పాఠం. వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ, తనకు రావలసిన డబ్బు కేసు భారత కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగిందని ఫిర్యాదు చేసి 2011లో గెలిచింది. ఎలా గెలిచిందో చూడాలి. ఆస్ట్రేలియాతో ఉన్న ఒప్పందంలో తనకు పనికొచ్చే నిబంధన దొరక్కపోతే, "ఇతర దేశాలకు ఇచ్చిన మేలు మాకూ ఇవ్వాలి" అన్న వాక్యం ఆధారంగా కువైట్‌తో ఉన్న ఒప్పందంలోంచి ఒక నిబంధనను అరువు తెచ్చుకుంది. ఆ తరవాత భారత్ నమూనా ఒప్పందాన్ని తిరగరాసి, ముందు స్థానిక న్యాయ మార్గాల్లో ఐదేళ్లు ప్రయత్నించాలని షరతు పెట్టింది, పాత ఒప్పందాలు చాలావాటిని రద్దు చేసుకుంది. సంపన్న దేశాలూ ఇదే దారి పట్టాయి. నాఫ్టా స్థానంలో 2020లో వచ్చిన కొత్త ఒప్పందంలో అమెరికా, కెనడా ఒకదాని మీద ఇంకొకదాని కంపెనీలు ఇలా కేసు వేసే వీలు తీసేశాయి.

ఇంత పెద్ద మాట ఇచ్చే అధికారం ఎవరిది?

దేశాన్ని బట్టి మారుతుంది, ఓటరు ముందు తెలుసుకోవలసింది కూడా ఇదే. అమెరికాలో వాణిజ్యం కాంగ్రెస్ అధికారం. 1974 చట్టంతో మొదలై 2021లో గడువు ముగిసిన "ఫాస్ట్ ట్రాక్" పద్ధతిలో మాత్రం సభ్యులు ఒప్పందాన్ని సవరించడానికి వీలుండేది కాదు, అవునో కాదో చెప్పాలంతే. బ్రిటన్‌లో సంతకమైన ఒప్పందాన్ని 21 సమావేశ దినాలు పార్లమెంటు ముందుంచుతారు, ఓటింగ్ తప్పనిసరి కాదు. భారత్‌లో ఒప్పందం చేసుకోవడం కార్యనిర్వాహక వర్గం పని, పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు. అమలుకు చట్టం కావలసివస్తే 253వ అధికరణ ప్రకారం పార్లమెంటు రాష్ట్రాల జాబితాలోని విషయం మీద కూడా చట్టం చేయగలదు. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోదే. అందుకే 2009లో ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో ఒప్పందం వేళ రబ్బరు, మిరియాల రైతుల తరఫున కేరళ ఎంత మొత్తుకున్నా అది ఆగలేదు.

బెల్జియంలో కథ పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ ప్రాంతీయ చట్టసభల ఆమోదం లేకుండా కేంద్రం సంతకం పెట్టలేదు. 2016లో వాలోనియా అనే ఒక్క ప్రాంతం అడ్డం తిరిగితే యూరప్, కెనడాల ఒప్పందం రోజుల తరబడి నిలిచిపోయింది, సంతకాల సభే వాయిదా పడింది.

నేరుగా జనాన్నే అడిగిన సందర్భాలూ ఉన్నాయి. కోస్టారికాలో 2007 అక్టోబరు 7న అమెరికాతో ఒప్పందంపై రెఫరెండం పెట్టారు. ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉన్న టెలికం, బీమా రంగాలు తెరవాలన్నదే ప్రధాన గొడవ. 51.6 శాతంతో "అవును" గెలిచింది. స్విట్జర్లాండ్‌లో 2021 మార్చిలో ఇండోనేషియా ఒప్పందం కూడా పామాయిల్ గొడవ వల్ల ఓటింగుకు వెళ్లి 51 శాతం పైచిలుకుతో గట్టెక్కింది. రెండుచోట్లా దేశం నిట్టనిలువునా చీలింది. అయినా ఆ తీర్పు ఆ ఒక్క విషయం మీదే ఇచ్చింది కాబట్టి, ఎవరు ఏమన్నారో స్పష్టంగా ఉంది.

సాధారణ ఎన్నికల్లో ఇది ఎప్పుడైనా నిజంగా తేలిందా?

తేలిందనిపించేంత దగ్గరగా వచ్చిన దేశం కెనడా. 1911లో విల్ఫ్రిడ్ లారియే నాయకత్వంలోని లిబరల్ ప్రభుత్వం అమెరికాతో సుంకాల తగ్గింపు ఒప్పందం చేసుకుంది. ఇది అమెరికాలో కలిసిపోవడానికి తొలి మెట్టని కన్సర్వేటివులు ప్రచారం చేశారు. అవతలి నుంచి ఒక అమెరికన్ నాయకుడు ఉత్తర అమెరికా అంతటా తమ జెండా ఎగరాలని బాహాటంగా అనేసి ఆజ్యం పోశాడు. లారియే ఓడిపోయాడు, ఒప్పందం అటకెక్కింది.

77 ఏళ్ల తరవాత పాత్రలు తారుమారయ్యాయి. ఈసారి ఒప్పందం తెచ్చింది కన్సర్వేటివ్ ప్రధాని బ్రయన్ మల్రోనీ, వద్దన్నది లిబరల్ నాయకుడు జాన్ టర్నర్. ఎగువ సభలో మెజారిటీ ఉన్న లిబరల్స్, ముందు ప్రజాతీర్పు కోరండి అని బిల్లు ఆపేశారు. 1988 నవంబరు 21న ఎన్నిక. లిబరల్స్ టీవీ ప్రకటనలో చర్చలకు కూర్చున్నవాళ్లు మ్యాపు మీద ఒక గీత అడ్డంగా ఉందంటూ రబ్బరు పెట్టి చెరిపేస్తారు. ఆ గీత రెండు దేశాల సరిహద్దు!

ఫలితం ఏమైందంటే, మల్రోనీ పార్టీకి 295లో 169 సీట్లు. ఓట్లు మాత్రం 43 శాతం. ఒప్పందం వద్దన్న రెండు పెద్ద పార్టీలకు కలిపి సగం పైనే ఓట్లు పడ్డాయి. సీట్ల లెక్కలో జనం "అవును" అన్నారు, ఓట్ల లెక్కలో "కాదు" అన్నారు. 1989 జనవరి 1న ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఒప్పందమే ప్రధాన విషయంగా జరిగిన ఎన్నిక కూడా ఇంత గందరగోళంగా ముగిస్తే, పింఛన్లు, కులాలు, మతాలు, అభ్యర్థి మొహం అన్నీ కలగలిసిన ఎన్నికలో వాణిజ్యం గురించి జనం ఏమన్నారో ఎలా చెప్పగలం? గెలిచినవాడు "ప్రజలు నా ఒప్పందానికి పట్టం కట్టారు" అంటే నేనైతే సగమే నమ్ముతాను.

వ్యతిరేకిస్తామని గెలిచినవాళ్లు మాట మీద నిలబడతారా?

ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్లే ఎక్కువ. 1993లో నాఫ్టాను తిరగదోడతామన్న కెనడా లిబరల్స్, గెలిచిన కొద్ది వారాలకే దాన్ని ఆమోదించారు. 1994 జనవరి 1న అది మొదలైంది. 2008లో అభ్యర్థిగా బరాక్ ఒబామా అదే నాఫ్టాను మళ్లీ చర్చిస్తానన్నాడు, పదవిలోకి వచ్చాక ఆ ఊసెత్తలేదు. అన్నంత పనీ చేసినవాడు డొనాల్డ్ ట్రంప్. 2017 జనవరి 23న, పదవి చేపట్టిన మూడు రోజులకే, పసిఫిక్ ఒప్పందం టీపీపీ నుంచి అమెరికాను తప్పించాడు. మిగిలిన 11 దేశాలు ఒప్పందాన్ని వదల్లేదు. అమెరికా పట్టుబట్టి పెట్టించిన మందుల పేటెంట్ల లాంటి 22 నిబంధనలను పక్కనపెట్టి మిగతాదాని మీద 2018లో సంతకాలు చేశాయి. ఏ నిబంధన ఎవరి కోసం ఉందో అప్పుడు అందరికీ తెలిసింది.

నచ్చకపోతే బయటికి రావచ్చు కదా?

కాగితం మీద సులువే. డబ్ల్యూటీవో నుంచి తప్పుకోవాలంటే ఆరు నెలల నోటీసు చాలు, నాఫ్టా ఉన్నప్పుడు దానికీ అంతే. ఒప్పందం చుట్టూ ఫ్యాక్టరీలు, రవాణా, కాంట్రాక్టులు అల్లుకున్నాక మాత్రం కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

పెట్టుబడి ఒప్పందాల్లో ఇంకో మెలిక ఉంటుంది. బయటికి వచ్చాక కూడా పాత పెట్టుబడులకు పది, పదిహేను, ఇరవై ఏళ్లు రక్షణ కొనసాగుతుంది. ఇంధన రంగ పెట్టుబడులకు రక్షణ ఇచ్చే ఎనర్జీ చార్టర్ ఒప్పందం నుంచి ఇటలీ 2016లో బయటపడింది. మరుసటి ఏడాదే, సముద్రంలో చమురు తవ్వకానికి అనుమతి దొరకని ఒక కంపెనీ ఆ ఒప్పందం కిందే దాని మీద కేసు వేసింది. ఇరవై ఏళ్ల నిబంధన ఉంది మరి.

ఇక బ్రెగ్జిట్. అధికారం తిరిగి మన చేతికి తెచ్చుకుందామన్న నినాదంతో 2016లో 51.9 శాతం బ్రిటన్ ఓటర్లు యూరోపియన్ యూనియన్ వద్దన్నారు. సొంత సుంకాలు, సొంత ఒప్పందాలు వచ్చిన మాట నిజం. బదులుగా ఉత్తర ఐర్లండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య సరుకుల తనిఖీలు వచ్చిపడ్డాయి. అంటే సార్వభౌమత్వం కోసం వెళ్తే సొంత దేశం లోపలే ఒక వాణిజ్య సరిహద్దు మొలిచింది. తరవాత ఆస్ట్రేలియాతో స్వయంగా కుదుర్చుకున్న ఒప్పందం బ్రిటన్‌కు అంత లాభసాటి కాదని, అప్పట్లో వ్యవసాయ శాఖ చూసిన మంత్రే పదవి దిగాక పార్లమెంటులో ఒప్పుకున్నాడు.

చర్చలు రహస్యంగా ఎందుకు జరుగుతాయి?

బేరంలో చివరి మాట ముందే చెప్పేస్తే నష్టపోతామని ప్రభుత్వాలంటాయి. అందులో కొంత నిజముంది. కానీ టీపీపీ ముసాయిదా చూడాలంటే అమెరికన్ కాంగ్రెస్ సభ్యులు ప్రత్యేక గదిలోకి వెళ్లి చదివి, కాగితాలు అక్కడే వదిలి రావలసి వచ్చింది. అదే సమయంలో సలహా కమిటీల పేరుతో పరిశ్రమ ప్రతినిధులకు లోపలి సమాచారం అందేది. ఎదుటి దేశం నుంచి దాచడం వేరు, సొంత జనం నుంచి దాచడం వేరు.

ఉద్యోగాల లెక్కలు నమ్మవచ్చా?

ఎన్నికల వేదిక మీద చెప్పే అంకెలు వద్దు. లాభం కోట్ల మందికి తలా కొంచెం చొప్పున, సరుకు చవగ్గా దొరకడం రూపంలో వస్తుంది, ఎవరూ గమనించరు. నష్టం ఒక ఫ్యాక్టరీ మూతపడి ఒకే ఊరి మీద పడుతుంది. 1992 అమెరికా అధ్యక్ష ఎన్నికలో నాఫ్టాను తిట్టిపోసిన రాస్ పెరో స్వతంత్ర అభ్యర్థిగా దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నాడంటే కారణాల్లో ఇదొకటి.

అసలు ఏ ఒప్పందమూ లేకపోతే సార్వభౌమత్వం భద్రంగా ఉంటుందా?

బలవంతుడికి ఉంటుంది. నియమాలు లేనిచోట చిన్న దేశం బేరమాడేది పెద్ద దేశపు గుమ్మంలో నిలబడే. మళ్లీ కెనడానే చూడండి. 1911లో, 1988లో ఒప్పందం వల్ల దేశం పోతుందని భయపడ్డారు. 2025లో, ఒప్పందం అమల్లో ఉండగానే అమెరికా కెనడా సరుకుల మీద కొత్త సుంకాలు వేసి, మా 51వ రాష్ట్రంగా చేరిపొండి అనడం మొదలుపెట్టింది. ఆ ఏప్రిల్ 28న జరిగిన ఎన్నికలో సార్వభౌమత్వమే ప్రధాన విషయమైంది, వెనకబడి ఉన్న లిబరల్స్ మార్క్ కార్నీ నాయకత్వంలో గెలిచారు. ఈసారి జనాన్ని భయపెట్టింది ఒప్పందం కాదు, అవతలివాడు దాన్ని లెక్కచేయకపోవడం.

నేను న్యాయవాదిని కాను. ఒప్పందం చేతికొస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

చివరి నుంచి. ముందుమాటలో స్నేహం, శ్రేయస్సు తప్ప ఇంకేమీ ఉండవు. రద్దు నిబంధన, వివాదాల అధ్యాయం, మినహాయింపుల అధ్యాయం, ఆ తరవాత అనుబంధాలు చూడండి. ఏ రంగాన్ని ఎవరు కాపాడుకున్నారో అనుబంధాల్లోనే తెలుస్తుంది. మీ దగ్గరికి ఓటడగడానికి వచ్చిన అభ్యర్థిని కూడా ఆ పేజీల గురించే అడగండి. ఒప్పందానికి అనుకూలమా వ్యతిరేకమా అని అడిగితే వచ్చేది ఉపన్యాసమే.

మినహాయింపు కనబడగానే మాత్రం అక్కడితో చదవడం ఆపేయకండి. 1988 నాటి కెనడా ఒప్పందంలో సినిమాలు, పుస్తకాలు, టీవీ లాంటి సాంస్కృతిక పరిశ్రమలకు మినహాయింపు ఉందని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంది. ఉన్నమాట నిజమే. కెనడా ఆ మినహాయింపును వాడుకుంటే, అంతే విలువైన వాణిజ్య ప్రతిచర్య తీసుకునే హక్కు అమెరికాకు ఉంటుందని దాని కింది పేరాలోనే రాసి ఉంది.